ఇరవై బై ముప్పై

మిరప కళ్లంలో తాలుకాయలు ఏరుతూ రసూల్‌బీ ఓ మాట అందట. పాలుపోసే జాన్ బాషా దాన్ని పొద్దున్నే జానకిరామయ్య మాస్టారి గుమ్మందాకా మోసుకొచ్చాడు.

"మాస్టారి హాల్లో ఆరు ఫొటోలున్నాయి, ఆరింట్లోనూ ఆయనే. అసలు పెళ్లయిందా అని కొత్తవాళ్లడిగితే ఏం చెప్పాలి, అందండి."

జానకిరామయ్య పాలగిన్నె పట్టుకునే గోడవంక చూశాడు. సన్మానం, శాలువా, పదవీ విరమణ, మళ్లీ శాలువా. భార్య శ్యామలాంబ ఒక్కదాంట్లోనూ లేదు. ఒంగోల్లో కూతురి దగ్గరికెళ్లిన ఆవిడ ఆ మధ్యాహ్నమే మూడింటి బస్సుకు దిగుతుంది. ఆలోపు గోడమీద ఆవిడ ఫొటో ఉండాలి, అదీ తన వాటన్నిటికంటే పెద్దది. అలా తేల్చుకున్నాక గాని ఆయనకు కాఫీ గొంతు దిగలేదు.

ఆల్బములన్నీ దులిపాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో భార్య భుజం దొరికింది, కొంగు దొరికింది, ఎవరి బిడ్డనో ఎత్తుకున్న చెయ్యి దొరికింది. ముఖం నిండుగా ఉన్నది ఒక్కటే. మేనల్లుడి పెళ్లిలో, భోజనాల బంతి మధ్య, చేతిలో పులుసు బకెట్టుతో నవ్వుతోంది. ఆ నవ్వు తాను చివరిసారి ఎప్పుడు చూశాడో ఆయనకు గుర్తు రాలేదు.

చిలకలూరిపేటలో ఫొటో స్టూడియో నడిపే మార్క్ ఆ ఫొటోను అటూఇటూ తిప్పాడు. గుంపులోంచి ఒక్క మనిషిని విడదీసి పెద్దది చేయించడం ఆ చుట్టుపక్కల ఒక్క సందర్భంలోనే జరుగుతుంది.

"ఈవిడ ఒక్కరేనాండీ?"

"ఒక్కతే. నా భార్య."

మార్క్ గొంతు తగ్గింది. "ఉన్నట్టుండి ఏంటి సార్?"

"ఏం చెప్పమంటావయ్యా. ఇన్నేళ్లూ పట్టించుకోలేదు. ఇవాళ పొద్దున తెలిసొచ్చింది."

"సైజు?"

"ఎనిమిది బై పది ఆ గోడకు ఆనదు. నాది పన్నెండు బై పద్దెనిమిది. ఆవిడ నాకంటే పెద్దగా ఉండాలి. మూడింటికల్లా ఒంగోలు నుంచి ఇంటికొచ్చేస్తుంది, ఆలోపే ఇచ్చెయ్."

ఒంగోలు అనగానే మార్క్‌కు పెద్దాసుపత్రులు గుర్తొచ్చాయి. "ఇరవై బై ముప్పై వేస్తాను. ధైర్యంగా ఉండండి సార్."

అద్దం బరువు సంగతి అనుకున్నాడు జానకిరామయ్య.

మార్క్ మనసు పెట్టి చేశాడు. బకెట్టు చెరిపేశాడు, వెనక నీలాకాశం పెట్టాడు, ఫ్రేముకు తన వంతుగా చందనం దండ వేసి కాగితం చుట్టి ఇచ్చాడు. హైవే మీద లారీల గాలికి ఆ కాగితం ఎగిరిపోయింది. ఆటోలో ఫ్రేమును వెనకనుంచి వాటేసుకుని కూర్చున్న మాస్టారికి అట్ట తప్ప ఏమీ కనబడలేదు. ముందువైపు మాత్రం ఊరంతా చూసింది. కళ్లం కళ్లమంతా ఆటో వెనకే నడిచింది.

ఇంటిముందు కుర్చీలు పడ్డాయి. "నా పాడు నోరే తగిలింది తల్లీ," అని రసూల్‌బీ గుమ్మంలో కూలబడింది.

"ఏడవకండి. మూడింటికి వస్తుంది," అన్నాడు జానకిరామయ్య.

"అంబులెన్సులోనా మాస్టారూ?"

"అంబులెన్సెందుకు? పల్లెవెలుగులో."

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పాపం, మాస్టారికి మతి చలించిందని ఎవరో గొణిగారు.

ఫ్రేమును గోడకు ఆనించి తిప్పినప్పుడు గాని ఆయన దండ చూడలేదు. తీసేద్దామని ఎత్తిన చెయ్యి మధ్యలోనే ఆగింది. ఇంత పెద్దగా, ఇంత నిండుగా ఆ ముఖాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం ఆయనకూ మూడింటి బస్సు మీద నమ్మకం పోయింది.

మూడూ ఇరవైకి శ్యామలాంబ సంచీ పట్టుకుని గుమ్మమెక్కింది. కుర్చీల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. రసూల్‌బీ ఏడుపాపి గుమ్మంలోంచి పక్కకు జరిగింది. జానకిరామయ్య గబగబా దండ లాగి వీపు వెనక దాచుకున్నాడు.

"నీకోసమే చేయించాను," అన్నాడు. "సైజు సరిపోయిందా?"

ఆవిడ తన ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత వాకిట్లోని నలభైమందినీ చూసింది.

"చేతిలో బకెట్టు తీసేయించారే," అంది. "మరి వీళ్లందరికీ టీ ఎవరు పోస్తారు?"