పడమటికి వెళ్ళిన లాప్‌టాప్ సంచి

ఫణికుమార్ అబద్ధాలు ఆడడు. వాటిని ఎక్సెల్ షీట్‌లో పెట్టి చూపిస్తాడు.

ఆ మంగళవారం సాయంత్రం అరోరాలోని తన ఇంట్లో, డైనింగ్ టేబుల్ మీద అతను తెరిచిన షీట్‌లో రెండు వందల పద్నాలుగు వరుసలున్నాయి. పైన ‘ఎల్లోస్టోన్ క్యాంపింగ్ ట్రిప్’ అని ఉంది. కింద ఉన్నవన్నీ ప్రమాదాలే.

భావన దోసెల పిండి చెయ్యి కడుక్కుని వచ్చి చూసింది. “ఇది ట్రిప్ ప్లానా, పోస్ట్‌మార్టమ్ రిపోర్టా?”

“రిస్కులు ముందే చూసుకోవాలి కదా.”

“నూట ఎనిమిదో లైన్‌లో ‘అడవిదున్న కోపం’ అని ఉందేంటి?”

“అక్కడ అడవిదున్నలు రోడ్డు మీదే తిరుగుతాయి భావనా!”

“ఇంట్లో నేను తిరగట్లేదా? పదిహేనేళ్ళుగా మీరు బతికే ఉన్నారుగా!”

ఫణికుమార్ సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు వెతకడం అతని ఉద్యోగం. ఆ విద్యతోనే మూడు వేసవులుగా ఈ ట్రిప్‌ని తప్పిస్తూ వచ్చాడు. మొదటి ఏడాది మోకాలు, రెండో ఏడాది కారు టైర్లు, నిరుడు అడవుల్లో పొగ. ఈసారి భావన అతన్ని నమ్ముకోలేదు. జనవరిలోనే కంప్యూటర్ ముందు కూర్చుని, బుకింగ్ తెరిచిన నిమిషంలో నాలుగు రాత్రులకి క్యాంప్‌సైట్ పట్టేసింది.

వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు నైనిక ఫ్రిజ్ మీది కాలెండర్‌లో శుక్రవారం దగ్గర చిన్న గుడారం బొమ్మ గీసి, రోజుకో గడి కొట్టేస్తోంది. ఇంకా రెండే గడులు మిగిలాయి. ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ ఆ గుడారం చూసి ఫణికుమార్‌కి పెరుగు కూడా సయించడం లేదు.

అతని బాధ అతనిది. పద్నాలుగు వందల మైళ్ళు. నలభై ఆరేళ్ళ నడుము. చేరాక పడుకునేది నేల మీద. బాత్‌రూమ్‌కి పోవాలంటే రెండు వందల అడుగులు నడవాలి, ఆ దారిలో ‘ఎలుగుబంట్లున్నాయి జాగ్రత్త’ అని బోర్డు. సొంత కమోడ్‌ని వదిలి మనిషి ఎందుకు వెళ్తాడో అతనికి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే హాల్లోంచి మామగారి దగ్గు వినిపించింది. ఫణికుమార్ బుర్రలో దీపం వెలిగింది.

మామగారు బ్రహ్మయ్య గుడివాడలో బస్సు డిపో కంట్రోలర్‌గా ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యాడు. అత్తగారు షాంటిలీ అనే ఊళ్ళో ఉన్న చిన్నకూతురి పురిటికి వెళ్తే ఆయన పెద్దకూతురి దగ్గరకొచ్చాడు. పెట్టెలో నాలుగు పంచెలు, ఒక పంచాంగం తెచ్చుకున్నాడు. పొద్దున్నే ఆ పంచాంగం తెరవడం ఫణికుమార్ రోజూ చూస్తూనే ఉన్నాడు.

“మావయ్యగారూ,” అన్నాడు ఆయన పక్కన చేరి, “శుక్రవారం పొద్దున ఎల్లోస్టోన్ బయల్దేరుతున్నాం. అటు పడమర. ఎందుకైనా మంచిది, ఓసారి చూస్తారా?”

బ్రహ్మయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. పంచాంగం కన్నా అల్లుడి మొహాన్నే ఎక్కువసేపు చూశాడు.

“శుక్రవారం పడమర వారశూల కదా అల్లుడుగారూ. ఆ దిక్కుకి ఆ రోజు ప్రయాణం పెట్టుకోకూడదంటారు.”

“అయ్యయ్యో!” అని ఫణికుమార్ తల పట్టుకున్నాడు. లోపల గెంతులేస్తున్నాడు. “భావనా, విన్నావా? మావయ్యగారు వద్దంటున్నారు!”

“గురువారం వెళ్దాం.”

“గురువారం నీకు ఆఫీసులో ప్రెజెంటేషన్.”

“శనివారం?”

“ఆదివారం మధ్యాహ్నంలోగా చేరకపోతే సైట్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఏం చేస్తాం, పెద్దల మాట!”

పంచాంగాన్ని పాత పేపర్లతో కట్టే మనిషికి ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అని భావన అతని వైపు చూస్తోంది. ఇంతలో నైనిక మెట్ల మీద నుంచి అడిగింది, “డాడీ, మనం వెళ్ళడం లేదా? దిస్ సమ్మర్ కూడా నో ఆ?”

ఆ మాటకి ఫణికుమార్‌కి గుండె కలుక్కుమంది. నిజంగానే కలుక్కుమంది. కానీ నడుము గుర్తొచ్చి గుండెని సముదాయించుకున్నాడు.

“దిగులు పడకమ్మా,” అన్నాడు బ్రహ్మయ్య. “దానికో ఉపాయముంది. ప్రస్థానం పెడితే సరి.”

“అంటే?” అన్నాడు ఫణికుమార్.

“మంచిరోజు చూసి మన వస్తువొకటి ప్రయాణం వైపు ఉన్న ఎవరింట్లోనైనా ముందే ఉంచితే, మనం ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. ఇక శూల అంటదు. గురువారం భేషుగ్గా ఉంది. అయితే ఒకటి, వస్తువు యజమానికి ప్రాణంతో సమానమై ఉండాలి. గడప దాటాక మళ్ళీ ఇంటికి తేకూడదు.”

“ఆయనకి ప్రాణంతో సమానం ఆఫీస్ లాప్‌టాప్,” అంది భావన వెంటనే.

గురువారం మధ్యాహ్నం ఫణికుమార్ ఆఫీసులో ఉండగా భావన, బ్రహ్మయ్య ఫోన్‌లో ఒక మాట అనుకుని, సాయంత్రం అతను స్నానానికి వెళ్ళగానే లాప్‌టాప్ సంచిని పడమర ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న డికాల్బ్‌లో, ఫణికుమార్ స్నేహితుడు ‘సరే’ అప్పారావు ఇంట్లో పెట్టి వచ్చారు. ఎవరేమడిగినా సరే అంటాడు కాబట్టి అప్పారావుకి ఆ పేరు.

అయినా ఫణికుమార్ దగ్గర ఇంకో అస్త్రం ఉంది. టీమ్‌లో పవన్ అనే కుర్రాణ్ణి ముందే ఒప్పించి పెట్టుకున్నాడు. శుక్రవారం పొద్దున ఏడింటికి, కారులో గుడారం, కుక్కర్, బియ్యం, ఆవకాయ జాడీ సర్దడం పూర్తయ్యాక, చెప్పిన టైముకి ఫోన్ మోగింది.

“అన్నా, ప్రొడక్షన్ డౌన్, సిస్టమంతా ఆగిపోయింది!” అన్నాడు పవన్ స్పీకర్‌లో, కాగితం చూసి చదువుతున్నట్టుగా. “నువ్వు లేకపోతే కంపెనీ మునిగిపోతది అన్నా!”

“చూశావా భావనా! నాకు మాత్రం సరదానా? లాప్‌టాప్ ముందు కూర్చోక తప్పదు.”

“కూర్చోండి. లాప్‌టాప్ డికాల్బ్‌లో ఉంది. దారిలోనేగా, పదండి.”

అక్కడికెళ్ళి, అప్పారావు సోఫాలో కూర్చుని, మధ్యాహ్నం దాకా కీబోర్డు టకటకలాడించి వెనక్కి వచ్చేయొచ్చని ఫణికుమార్ లెక్క వేసుకున్నాడు. ఆ ధైర్యంతోనే స్టీరింగ్ పట్టుకున్నాడు.

డికాల్బ్‌లో తలుపు తీసింది అప్పారావు భార్య కోటమ్మ. “అయ్యో అన్నయ్యగారూ! మా ఆయన ఆఫీసు పని మీద తెల్లారే సూ ఫాల్స్ బయల్దేరారు. మీ సంచి కూడా కారులో పెట్టుకెళ్ళారు. పడమరేగా, మీకు ఇంకా దగ్గరవుతుందని!”

“దగ్గరా? ఐదు వందల మైళ్ళమ్మా!”

“కాఫీ తాగుతారా?”

ఫణికుమార్ కాఫీ తాగలేదు. వాళ్ళ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని, ఇకపై ఇలాంటి సదుపాయం దొరకదన్నట్టు చాలాసేపు కూర్చున్నాడు. అతను బయటికొచ్చేసరికి అందరూ కారెక్కి బెల్టులు పెట్టుకుని ఉన్నారు. వెనక సీట్లో నైనిక దుప్పటి కప్పుకుని ముసిముసిగా నవ్వుతోంది.

కంపెనీ లాప్‌టాప్ పోయిందంటే ఉద్యోగానికే ఎసరు. ఉద్యోగం పోతే వీసా. దానికి ఎక్సెల్ షీట్ అక్కర్లేదు. ఫణికుమార్ ఏడుపుమొహంతో అయోవా అంతా దాటాడు. రెండు పక్కలా మొక్కజొన్న చేలు, ముందు అంతులేని రోడ్డు. మామగారు ముందు సీట్లో కూర్చుని ప్రతి ఊరు దాటగానే వాచీ చూసి, “నాలుగు నిమిషాలు లేటు,” అంటున్నాడు.

సూ ఫాల్స్ చేరేసరికి అప్పారావు ఫోన్‌లో దొరికాడు. “సారీ బ్రదర్, మీటింగ్ ర్యాపిడ్ సిటీకి మార్చారు. వచ్చేశాను.”

“సంచి?”

“నాతోనే ఉంది. నువ్వు కూడా వచ్చేసెయ్.”

“మూడు వందల యాభై మైళ్ళు రా అప్పారావూ!”

“సరే,” అన్నాడు అప్పారావు.

ఆ రాత్రి మోటెల్ మంచం మీద వాలి, ఈ పరుపే తన జీవితంలో ఆఖరి పరుపని ఫణికుమార్ దాన్ని చేత్తో నిమిరాడు. శనివారం మధ్యాహ్నం ర్యాపిడ్ సిటీలో అప్పారావు ఫోన్ ఎత్తలేదు. ఒక పెట్రోలు బంకులో కారాపి, ఫణికుమార్ స్టీరింగ్‌కి తల ఆనించేశాడు.

“అంతా ఈ శూల వల్లే మావయ్యగారూ. నా వల్ల కాదు.”

బ్రహ్మయ్య పులిహోర డబ్బా మూత పెట్టి మూతి తుడుచుకున్నాడు. “అల్లుడుగారూ, మా డిపో నుంచి శుక్రవారం పడమటికి ఎన్ని బస్సులు పంపేవాణ్ణో తెలుసా?”

“ఎన్ని?”

“నలభై ఒకటి. ఒక్కటీ ఆగలేదు. శూల చూసుకుంటూ కూర్చుంటే నా ఉద్యోగం ఉండేదా?”

ఫణికుమార్ తలెత్తాడు. “మరి మొన్న అలా చెప్పారేంటి?”

“మీరు అడిగారు, పుస్తకంలో ఉన్నది చెప్పాను. డ్యూటీ ఎగ్గొట్టే డ్రైవర్లని ముప్పై రెండేళ్ళు చూశానండీ. కడుపునొప్పి అనేవాడు, మేనత్త పోయిందనేవాడు. మీరు పంచాంగం అన్నారు. మొహం మాత్రం అదే మొహం.”

“అయితే నా లాప్‌టాప్?” అన్నాడు ఫణికుమార్ పీలగా.

నైనిక దుప్పటి తీసింది. కాళ్ళ కింద నల్ల సంచి. “దిస్ వన్, డాడీ? కోటమ్మ ఆంటీ ఇచ్చింది. నువ్వు బాత్‌రూమ్‌లో ఉన్నప్పుడు.”

భావన కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకుంటోంది. “అప్పారావు అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు లెండి. నిన్నటి నుంచీ.”

ఫణికుమార్‌కి కోపం రావాలి. వచ్చింది కూడా. మూడేళ్ళుగా తను చేసింది ఇదేనని గుర్తొచ్చి, వచ్చిన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా చివరి ఆశతో సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు. “సరే, దొరికిందిగా. ఇక వెనక్కి తిరిగిపోదాం. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు.”

“వెనక్కంటే తూర్పు,” అన్నాడు బ్రహ్మయ్య. “ఇవాళ శనివారం. శనివారం తూర్పు శూల.”

“మీకు శూల పట్టింపు లేదన్నారుగా!”

“నాకు లేదండీ. మీకుందిగా!”

వెనక నైనిక కాలెండర్‌లోంచి చింపి తెచ్చుకున్న జూన్ నెల కాగితం మీద ఇంకో గడి కొట్టేసింది. ఫణికుమార్ కారు స్టార్ట్ చేశాడు. రెండు వందల పద్నాలుగు వరుసల్లో మామగారికి ఒక్క వరుసైనా పెట్టలేదని అప్పుడు తట్టింది. ఇండికేటర్ వేసి, పడమటి రోడ్డెక్కాడు.

“నాలుగు నిమిషాలు లేటు,” అన్నాడు బ్రహ్మయ్య.