వీరారెడ్డి సారు పాత సింగిల్స్

ఆ ఆదివారం శాంతికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి యజమానురాలు రాహేలు టీచర్ గారు ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్ చర్చికి వెళతారు. ఒంటిగంట దాటితే గానీ తిరిగి రారు. ఈలోగా ఓ పదిమందిని తన గదిలో కూర్చోబెట్టి, ఏడు రికార్డులు వినిపించి, పన్నెండుకల్లా చాపలు దులిపి చుట్టేయాలి. ఆవిడ వచ్చేసరికి గది ఎప్పటిలా ఉండాలి.

శాంతికుమార్ యూనివర్సిటీ లైబ్రరీలో గుమాస్తా. గుడివాడ నుంచి వచ్చినవాడు. తార్నాకలో ఈ ముందు గది దొరకడానికి అయిదు నెలలు తిరిగాడు. రాహేలు గారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. గది ఇచ్చేటప్పుడు ఆవిడ పెట్టిన షరతులు రెండే. ఇంటికి గుంపుల్ని తేకూడదు. తనతో అబద్ధమాడకూడదు. మొదటిది తప్పాలంటే రెండోది కూడా తప్పక తప్పదు కాబట్టి, ఆవిడ బైబిలు పట్టుకుని గుమ్మంలో నిలబడి "చర్చికి రావా శాంతీ?" అని అడిగినప్పుడు, "తల పగిలిపోతోందండి, కాసేపు పడుకుంటాను" అన్నాడు.

ఆవిడ అతని ముఖంలోకి జాలిగా చూసి వెళ్లిపోయారు.

ఆ ఏడు రికార్డులూ అతని అన్న డేవిడ్ పంపినవి. డేవిడ్ ఓడలో వైర్‌లెస్ ఆపరేటర్. రాటర్‌డాం రేవులో ఓడ ఆగినప్పుడల్లా తమ్ముడికి ఆంటన్ వెర్‌హైడ్ అనే ఆయన రికార్డు ఒకటి కొని పంపేవాడు. ఈ వెర్‌హైడ్ రేడియోలు బాగుచేసుకునే మనిషి. వీణా లేదు, వయొలినూ లేదు. వైర్లతో, వాల్వులతో, టేపు ముక్కలతో పాటలు కట్టేవాడు. ఒక్కో చిన్న రికార్డులో వైపుకొక పాట. వాటినే సింగిల్స్ అంటారు. ఈమధ్య ఆయన ఒక పెద్ద రికార్డు చేశాడనీ, యూరప్‌లో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారనీ డేవిడ్ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చదివి శాంతికుమార్ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. పదేళ్ల కిందటి ఆ చిన్న పాటలు లేకపోతే పెద్ద రికార్డు ఎక్కడిది? జనం వాటిని మరిచిపోతే ఎట్లా?

హైదరాబాద్‌లో ఈ సంగతి పట్టించుకోవలసిన జనం మొత్తం ముగ్గురు. రెండోవాడు వెంకటేశం. భువనగిరి దగ్గరి రైతు కుటుంబం, ఫిజిక్స్‌లో రీసెర్చి చేస్తున్నాడు. ఏ ధ్వని ఏ వాల్వులోంచి పుట్టిందో చెప్పగలడు, చెప్పాక కాసేపు మాట్లాడలేడు. మూడోవాడు బుచ్చిరాములు. వారాసిగూడలో మైకుసెట్టు దుకాణం, పెళ్లిళ్లకు పెడతాడు. శాంతికుమార్ రికార్డు ప్లేయరు బాగుచేయడానికి వచ్చి, పరీక్షకని ఒక పాట పెట్టి, రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. వెర్‌హైడ్ అన్న పేరు ఆ రోజే అతని నోట్లో వీరారెడ్డి అయింది. ఎంత దిద్దినా మళ్లీ వెర్‌హైడ్ కాలేదు.

ముగ్గురూ కలిసి నోటీసు రాశారు. మొదటి వరసలో "ఆంటన్ వెర్‌హైడ్ విద్యుత్ సంగీతం". దాని కింద "పాత సింగిల్స్, మరొక్కసారి". ఆ కింద "ఆదివారం ఉదయం పది గంటలకు, తార్నాక, రాహేలు టీచర్ గారి ఇల్లు, ముందు గది. పది మందికే చోటు. ముందు వచ్చినవారికే." శాంతికుమార్ దాన్ని స్వయంగా లైబ్రరీ బోర్డుకు గుచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, భోజనానికి వెళ్లాడు.

అతను వెళ్లాక లైబ్రరీ అటెండరు పరీక్ష ఫీజు నోటీసు తెచ్చి దానికి పైన గుచ్చాడు. అడుగు భాగం శాంతికుమార్ నోటీసు మొదటి వరస మీద పడింది. సంగీతం కనిపించకుండా పోయింది. సింగిల్స్ మిగిలాయి.

హాస్టల్లో సింగిల్ అంటే ఒక్కడే ఉండే గది. ఆ సంవత్సరం ఇద్దరి గదుల్లో నలుగురిని పెట్టారు. ఒకడు చదువుకోవాలంటే ముగ్గురు నిద్రపోవాలి, ముగ్గురు నిద్రపోవాలంటే ఒకడు బయటికి పోవాలి. అటువంటి చోట ఆ నోటీసు సాయంత్రానికల్లా మూడు హాస్టళ్లకూ తెలిసిపోయింది.

తొమ్మిదింటికి బుచ్చిరాములు రిక్షాలో మైకుసెట్టు తెచ్చాడు. పదిమంది కోసం మైకెందుకని శాంతికుమార్ అడిగితే, "వీరారెడ్డి సారును చిన్న డబ్బల వినుడు పాపం సార్" అన్నాడు. అతను వరండాలో వైర్లు సర్దుతుండగానే గేటు తీసుకుని మొదటి శ్రోత లోపలికి వచ్చాడు. భుజం మీద పరుపు చుట్ట, చేతిలో ట్రంకుపెట్టె. పేరు వీరస్వామి, లా చదువుతున్నానని చెప్పాడు.

"సింగిల్స్ గీడనే గద సార్?"

"ఇక్కడేనండి. రండి, రండి." పరిచయం లేని మనిషి నోట ఆ మాట వినడం శాంతికుమార్‌కు అదే మొదటిసారి.

"ఎన్నున్నయి సార్?"

"ఏడు. ఈ ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేవు."

"అది మాకు తెల్వదా సార్. తిరిగి తిరిగి సాలయింది. పాతవి అంటున్నరు, ఖరాబైనయా?"

"ఒక్కదానికి మాత్రం అంచున చిన్న పగులుందండి. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది గానీ అలవాటైపోతుంది."

"పగులుదేముంది సార్, సర్దుకుంట. గాలి, ఎండ ఎట్ల?"

"ఆ భయం పెట్టుకోకండి. నాలుగేళ్ల నుంచి ఎండన్నది తగలనివ్వలేదు. గాలి కూడా అంతే."

వీరస్వామి కొంచెం ఆలోచించాడు. "నీళ్లు?"

"ఒక్క చుక్క రానివ్వను."

వీరస్వామి ఇంకొంచెం ఆలోచించాడు. అయినా అతను నలుగురి గదిలోంచి వచ్చినవాడు. "ఒక్కోదాంట్ల ఎంతమంది సార్?" అని మెల్లగా అడిగాడు.

"ఒక్కడేనండి. పక్కన ఇంకో మనిషి లేడు. మొదటినుంచి చివరిదాకా ఒక్కడే. అదే కదా గొప్ప."

ఆ మాటకు వీరస్వామి ట్రంకుపెట్టె కింద పెట్టి రెండు చేతులతో దండం పెట్టాడు. "ఎవరియి సార్ ఇవి?"

"ఇంకెవరియి," అన్నాడు బుచ్చిరాములు వైరు చుడుతూనే. "వీరారెడ్డి సారువి. అసొంటి మనిషి మల్ల పుట్టడు."

"ఒక్కటి నాకు రాసి పెట్టుకోండ్రి సార్. జర ఇప్పుడే వస్త" అని వీరస్వామి సామాను వరండాలో పెట్టి క్యాంపస్ వైపు పరుగెత్తాడు. అభిమానమంటే ఇట్లా ఉండాలి అనుకున్నాడు శాంతికుమార్.

పావు తక్కువ పదికి వాకిట్లో అరవై మంది ఉన్నారు. కొందరు సైకిళ్ల మీద, కొందరు సీతాఫల్‌మండి స్టేషన్‌లో దిగి నడిచి వచ్చారు. పెట్టెలు, బకెట్లు, పరుపులు. ఒకడు టేబుల్ ఫ్యాను తెచ్చుకున్నాడు. మరొకడు తాడు పట్టుకుని రాహేలు గారి హాలు కిటికీ కొలుస్తున్నాడు. శాంతికుమార్ గుమ్మంలో నిలబడి ఈ జనాన్ని చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊళ్లో ఇంతమంది ఉండగా ఇన్నాళ్లూ తాము ముగ్గురే అనుకున్నాడు.

వెంకటేశం గుంపు దాటుకుని వచ్చి చెవిలో అడిగాడు. "శాంతన్నా, వీళ్లు పరుపులెందుకు తెచ్చిన్రు?"

"కూర్చోడానికి. మనకు తట్టలేదు చూడు."

"ఫ్యాను?"

ఈలోగా వీరస్వామి చెమటలు కక్కుతూ తిరిగి వచ్చాడు. పది కొట్టింది. ప్లేయరునూ రికార్డులనూ వరండాలో బల్ల మీదికి చేర్చి, శాంతికుమార్ మైకు ముందు నిలబడ్డాడు.

"మిత్రులారా, ఇంతమంది వస్తారని మేం కలలో కూడా అనుకోలేదు. ఉన్నవి ఏడే అయినా, మీలో ఒక్కరినీ నిరాశతో వెనక్కి పంపను."

చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవరో, "తాళంచెవులు ఇయ్యాల్నే ఇస్తరా సార్?" అని అడిగారు. శాంతికుమార్‌కు అర్థం కాలేదు. అర్థం కానివన్నీ అభిమానమే అనుకునే స్థితిలో ఉన్నాడు. అట్టలోంచి రికార్డును రెండు వేళ్లతో తీసి, అంచు పట్టుకుని పైకెత్తాడు.

"ఇదిగో. మొదటి సింగిల్."

అరవై మంది సాసరంత ఉన్న ఆ నల్లటి బిళ్ల వైపు చూశారు. వెంకటేశానికి ముందుగా అర్థమై, బల్ల మీదున్న మిగతా ఆరు రికార్డులనూ చంకలో పెట్టుకున్నాడు.

ముందు వరసలోంచి వీరస్వామి లేచాడు. అతను అరవలేదు. అరిచినా బాగుండేది.

"సార్, నేను ఇప్పుడే పోయి వార్డెన్‌కు రాసిచ్చి వచ్చిన. నాకు సీటు వద్దు అని. నేను ఆడ ఉండంగనే దాన్ని వేరేటోనికి ఇచ్చేసిండు."

శాంతికుమార్‌కు ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది, ఎక్కడ జరిగిందో తెలియడం లేదు. గుంపులో ఒక్కొక్కరే లేస్తున్నారు. ఫ్యాను తెచ్చుకున్నవాడు దాన్ని పక్కవాడికి ఇచ్చి చొక్కా చేతులు మడుస్తున్నాడు. బుచ్చిరాములు ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు చూసినవాడు. వియ్యాలవారు కొట్లాటకు లేచినప్పుడు మైకుసెట్టువాడు ఏం చేయాలో అతనికి తెలుసు. శాంతికుమార్ చేతిలోంచి రికార్డు తీసుకుని, ప్లేయరు మీద పెట్టి, ముల్లు దించాడు.

ముందుగా ఒక గుంయ్‌మనే శబ్దం. కరెంటు స్తంభానికి చెవి ఆనించినట్టు. ఆ శబ్దం కింద ఇంకోటి, దాని కింద మరోటి. తర్వాత ఎక్కడో రాగి బిందెలో చుక్కలు పడడం మొదలైంది. ఆ చుక్కలు లెక్కగా పడసాగాయి. లెక్క కాస్తా నడక అయింది, నడక రైలైంది. ఆ రైలు పట్టాల చివరిదాకా పోయి, ఆగకుండా, పైకి పోవడం మొదలుపెట్టింది. మైకుసెట్టు హారను చెట్ల మీదుగా మోగింది. చొక్కా చేతులు మడుస్తున్నవాడి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. లేచినవాళ్లు తాము లేచామన్నది మరిచిపోయి అలాగే నిలబడ్డారు. మూడు నిమిషాల తర్వాత ముల్లు చివరికి వచ్చి గరగరమంది.

"ఇది ఏం వాయిద్యం సార్?" అన్నాడు వీరస్వామి.

"వాయిద్యం కాదు, కరెంటు," అన్నాడు వెంకటేశం. "ఒక్క మనిషి, ఒక్క గదిల కూసొని చేసిండు."

వీరస్వామి తన పెట్టె మీద కూర్చున్నాడు. "రెండో దిక్కు పెట్టండ్రి" అన్నాడు.

ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. అయిదో రికార్డు వచ్చేసరికి వాకిట్లో అరవై మందీ సామాన్ల మీద కూర్చుని ఉన్నారు. చాలామంది కళ్లు మూసుకున్నారు. రోడ్డు మీద పోయేవాళ్లు సైకిళ్లు దిగి గోడ అవతల నిలబడ్డారు.

రాహేలు గారు ఆ సమయంలోనే బస్సు దిగారు. చర్చిలో ఆవిడకు మనసు నిలవలేదు. కుర్రాడు ఒంటరిగా తలనొప్పితో పడి ఉన్నాడు, కాఫీ ఇచ్చే దిక్కు కూడా లేదు. ప్రసంగం మధ్యలో లేచి, తలనొప్పి మాత్రలు కొనుక్కుని వచ్చేశారు. తార్నాక చౌరస్తాలోనే ఆ ధ్వని వినిపించింది. ఏమిటో తెలియక ఆకాశంలోకి చూశారు. అక్కడి నుంచి ఆవిడ నడక ఎందుకు వేగమైందో తర్వాత ఆవిడే చెప్పలేకపోయారు.

గేటు దగ్గర ఆగారు. తన ఇంటి ముందు అరవై మంది యువకులు, తలలు వంచుకుని, కళ్లు మూసుకుని, నిశ్శబ్దంగా. పన్నెండేళ్లు చర్చిలో ఆదివారం బడి నడిపినా ఆరుగురిని ఇట్లా కూర్చోబెట్టలేకపోయారు ఆవిడ. శాంతికుమార్ ఆవిడను చూశాడు. అతనికి నిజంగానే తలనొప్పి మొదలైంది.

ఆవిడ గేటు తీసుకుని లోపలికి వచ్చారు. వీరస్వామి లేచి చోటిస్తే అతని పెట్టె మీద కూర్చుని, ఏడో రికార్డు రెండో వైపు అయ్యేదాకా విన్నారు. అయ్యాక కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఇది మనుషులు చేసిందేనా?"

"మనిషే టీచరమ్మా," అన్నాడు వెంకటేశం. "రేడియోలు బాగుచేసేటాయన."

ఆవిడ తల ఊపారు. తర్వాత శాంతికుమార్ వైపు తిరిగారు. "తలనొప్పి ఎలా ఉంది?"

అతను నేల చూశాడు.

ఆవిడ పక్కనున్న వీరస్వామిని అడిగారు. "నువ్వెందుకొచ్చావు నాయనా?"

"రూం కోసం వచ్చిన అమ్మా," అన్నాడు వీరస్వామి. "సింగిల్ అంటే రూమని అనుకున్న. హాస్టల్ సీటు పోయింది. కోపంతోటి లేచిన గని, పాట పెట్టంగనే కూసున్న."

ఆవిడ ఆ ముగ్గురినీ, వీరస్వామినీ లోపలికి పిలిచి, తానే కాఫీ పెట్టి, తన నిర్ణయం చెప్పారు. ఇటువంటిది ఒక్కసారితో ఆగిపోకూడదు. ప్రతి ఆదివారం మూడు గంటలకు, తాను చర్చి నుంచి వచ్చి భోంచేశాక, ముందు గదిలో రికార్డులు పెట్టాలి. జనం ఎంతమందైనా రావచ్చు. శాంతికుమార్ ముఖం వెలిగిపోయింది. ఆవిడ మాటలు ఇంకా అయిపోలేదు.

"నువ్వు మాత్రం నెలాఖరుకు వేరే గది చూసుకో శాంతీ. ఈ అబ్బాయి అందులో ఉంటాడు. అడగ్గానే నిజం చెప్పాడు."

"రికార్డులు నావండి" అన్నాడు శాంతికుమార్.

"నీవే. కాదన్నదెవరు? కావాలంటే తీసుకుపో."

అతను తీసుకుపోవడానికే లేచాడు. వరండాలోకి వచ్చేసరికి పెట్టెలు ఎత్తుకుని తిరిగి వెళ్తున్న కుర్రాళ్లు అతని చుట్టూ మూగారు. వచ్చే వారం ఎన్ని గంటలకని ఒకడు, మూడో రికార్డు మళ్లీ పెడతారా అని ఇంకొకడు, వీరారెడ్డి సారుది ఏ జిల్లా అని మరొకడు అడిగారు. నాలుగేళ్లుగా ఇటువంటి ప్రశ్నలు అడిగేవాళ్ల కోసమే అతను ఎదురుచూశాడు. ఒక్కొక్కరికీ ఓపికగా జవాబు చెప్పి, బల్ల మీది రికార్డులు తీసుకుని లోపలికి వెళ్లి, యథాస్థానంలో పెట్టాడు.

నెలాఖరుకు అతను వారాసిగూడలో బుచ్చిరాములు దుకాణం పైగదికి మారాడు. పడుకుంటే చుట్టూ మైకు హారన్లు. మారిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం బస్సు దొరక్క తార్నాకకు పావుగంట ఆలస్యంగా చేరాడు. వాకిలి, వరండా నిండిపోయి, అతనికి గేటు బయట నిలబడే చోటు మాత్రం దొరికింది.

అక్కడికి బాగానే వినిపించింది.