ముసల్దానికి ఇనప చెయ్యి

ఆ ఉదయం నర్సరీ ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా ట్రాక్టరు వెనక మట్టి తవ్వే ఇనప చెయ్యి బిగించాలి. మధ్యాహ్నానికల్లా పల్లపు మడి నుంచి రోడ్డు పక్క కాలవ దాకా ఎనభై అడుగుల కందకం తవ్వాలి. ఆ తరవాత కాళ్లు చాపుకుని కాఫీ తాగాలి. పోయినేడు వానలకి ఆ మడిలో నీళ్లు నిలిచి తొమ్మిది వందల అంటుమొక్కలు కుళ్లిపోయాయి. ఈ ఏడూ అలాగే అయితే నర్సరీ గేటుకి తాళం వేసుకోవలసిందే. నాలుగు రోజుల్లో వానలు మొదలవుతాయని రేడియో చెబుతోంది. రేడియోని ఆయన నమ్మడు గాని, మబ్బులు కూడా అదే మాట అంటున్నాయి.

అనుమానం ఆయనకి పుట్టుకతో వచ్చింది. ఎవరైనా నమస్కారం పెడితే, తిరిగి పెట్టేలోపు అది తనకేనా, అయితే ఎందుకు పెట్టాడు అని ఆలోచించే రకం. విత్తనాల పొట్లం మీద నూటికి తొంభై మొలుస్తాయని రాసి ఉంటే, మిగతా పదీ తెలిసి తెలిసి ఎందుకు పెట్టారని కంపెనీకి ఉత్తరం రాశాడు. లోకంలో ఆయన అనుమానించనిది ఒక్కటే, పెళ్లయిన ఏడాది కొన్న చిన్న ట్రాక్టరు. ఇరవయ్యారేళ్లుగా అది ఆయన చేతికిందే ఉంది. దాన్ని ముద్దుగా "ముసల్ది" అంటాడు.

కొలతలు తీసింది బావమరిది. ఊళ్లో పేరున్న మెకానిక్కు. ముందురోజు గంటసేపు ట్రాక్టరు కింద బురదలో దొర్లి, టేపుతో అంగుళం అంగుళం కొలిచి, పొద్దున్నే వచ్చి బావగారికి విడమరచి చెప్పాడు.

"చేతులు రెండు రకాలు బావా. ఒకటి వెనకున్న మూడు లింకులకీ తగిలించేసేది. తేలిగ్గా అయిపోతుంది. కానీ తవ్వేటప్పుడు కుదుపంతా ముసల్దాని నడుం మీద పడుతుంది. రెండోది, బండి కడుపు కింద నుంచి ముందు ఇరుసు దాకా ఇనప చట్రం వేసి దానికి బిగించేది. బరువంతా చట్రం మోస్తుంది. మన బండి పాతది, చిన్నది. చిన్న చెయ్యే తీసుకో, చట్రం వెయ్యి, ముందు చక్రాలు లేవకుండా అక్కడ బరువులు కట్టు. బిగింపు నేను చేసిపెడతా. నాకేం ఇవ్వక్కర్లేదు."

ఆ చివరి మాటతో పని చెడింది.

"ఏం ఇవ్వక్కర్లేదా? ఎందుకని?"

"ఎందుకనేమిటి బావా, ఇంటి పని."

"చట్రానికి ఇనుం ఎక్కడ కొనాలో కూడా నువ్వే చెబుతావేమో!"

వంటగదిలోంచి ఆయన భార్య ఇవతలికి వచ్చింది. "అంటే ఏమిటండీ మీ ఉద్దేశం? మా తమ్ముడు మీ ట్రాక్టరు కింద దూరింది దొంగతనానికా?"

"దొంగతనమని నేనన్లేదు. నువ్వన్నావు. నీకెందుకు తట్టిందా మాట?"

ఆవిడ సంచీలో రెండు చీరలు పెట్టుకుని తమ్ముడి స్కూటరెక్కింది. "మీ కందకం మీరే తవ్వుకోండి. అయ్యాక కబురు పెట్టండి, వస్తాను," అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పాత ఇనప చేతులు రెండు శ్మశానంలో అమ్మకానికి ఉన్నాయని ఆయనకి ముందే తెలుసు. శ్మశానం మేనేజరు కొత్త యంత్రం కొనుక్కుని, ఇంతకాలం గోతులు తవ్విన పాతవాటిని షెడ్డులో పెట్టాడు. నర్సరీ ఆయన రెండింటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు, పిన్నులు ఊపి చూశాడు, బకెట్టు పళ్లు లెక్కపెట్టాడు.

"ఎందుకమ్ముతున్నారు?"

"కొత్తది కొన్నానండీ."

"పాతవాటికేం వచ్చింది?"

"ఏమీ రాలేదండీ. బాగానే ఉన్నాయి."

"బాగానే ఉంటే ఎందుకమ్ముతున్నారు?"

మేనేజరు ఓపికున్న మనిషి. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది అసలు మాట్లాడరు, మిగతా సగంమంది ఏడుస్తారు. "మీది చిన్న బండి కదండీ," అన్నాడు నెమ్మదిగా. "ఈ చిన్నది తీసుకోండి, చట్రంతో సహా ఇస్తాను. ఆ పెద్దది వద్దు. మట్టి నింపుకుని పైకి లేచిందంటే మీ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి."

నర్సరీ ఆయన ఒక్కడుగు వెనక్కి వేశాడు. చిన్నది, చట్రం, ముందు చక్రాలు. పొద్దున బావమరిది చెప్పిన మాటలే. ఒకరి మొహం ఒకరు ఎరగని ఇద్దరు మనుషులు ఒకే మాట చెప్పారంటే ఇద్దరూ కూడబలుక్కున్నట్టే కదా! ఆయన గొంతు సవరించుకుని, "పెద్దదే ఇవ్వండి. చట్రం అక్కర్లేదు," అన్నాడు.

పదకొండింటికి మేనేజరు లారీ ఆ చేతిని నర్సరీలో దింపి వెళ్లింది. దాని పక్కన తెల్ల రంగుతో "శ్మశానం – 2" అని పెద్ద అక్షరాలు. లారీ ఎక్కించడానికి విప్పిన నూనె గొట్టాలు మళ్లీ ఏది ఎక్కడ బిగించాలో తెలియడానికి, మేనేజరు ఒక్కో గొట్టానికీ, అది వెళ్లే మూతికీ ఒకే రంగు గుడ్డపీలికలు కట్టి పంపాడు. ఎవరో కట్టిన గుర్తులు తనెందుకు నమ్మాలి? ఆయన పీలికలన్నీ విప్పి పారేసి, గొట్టాల్ని తన సొంత ఆలోచన ప్రకారం బిగించాడు.

పిన్నులు ఇంకో పేచీ పెట్టాయి. అవి సన్నం, లింకు కన్నాలు వెడల్పు. మధ్యలో వెయ్యాల్సిన బుష్షులు బావమరిది కొట్లో ఉంటాయి. అడగడం ఇష్టం లేదు. నీళ్ల పైపు ముక్కలు కోసి, కన్నాల్లో దూర్చి సుత్తితో బాదాడు. ఆ చప్పుడుకి పక్కింటి ప్రహరీ మీద ఓ తల లేచింది. రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు. ఆవిడ ఆ ఇనప చేతి మీది అక్షరాలు చదివారు. చదవడం ఆవిడకి ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు.

"ఏం బాబూ, అమ్మాయి కనబడ్డం లేదేం?"

"ఎందుకడుగుతున్నారు?"

"రోజూ ఈ వేళకి మొక్కలకి నీళ్లు పోస్తుంది కదా, అందుకని."

"పోయింది మేడం. పొద్దున్నే పోయింది."

హెడ్మిస్ట్రెస్ గారి చేతిలో కళ్లజోడు ప్రహరీకి అటు పడింది. "అయ్యయ్యో! ఎలా?"

"ఎలా ఏముంది, మాటా మాటా వచ్చింది. పోయింది." అత్తవారి వైపు వాళ్లకి ఈ గొడవ పాకితే తలవంపులని ఆయనకి తట్టింది. గొంతు తగ్గించి, "ఎవరితోనూ అనకండి. సాయంత్రానికి ఈ తవ్వకం కాస్తా అయిపోతుంది. అప్పుడు నేనే అందరికీ కబురు పెడతాను," అన్నాడు.

తల ప్రహరీ వెనక మాయమైంది. "ఆవిడకెందుకు మా ఆవిడ సంగతి?" అనుకుంటూ ఆయన ట్రాక్టరు స్టార్టు చేశాడు.

బకెట్టు పైకెత్తుదామని మీట లాగాడు. అది కిందికి దూసుకుపోయి మట్టిలో మోచేతి దాకా దిగబడింది. పక్కకి తిప్పుదామని ఇంకో మీట నొక్కాడు. అది లోపలికి ముడుచుకుంది. అనుమానంతో మీటల్ని తిట్టాడు, మేనేజర్ని తిట్టాడు, ఓ గంటసేపు ఉన్నచోటే ఎత్తుతూ దించుతూ పోయాడు. కందకం ముందుకి సాగలేదు గాని, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో చక్కటి గొయ్యి ఒకటి తయారైంది. ఆ చేతికి ఇంతకాలం అలవాటైన కొలత అదే మరి.

చివరికి నిండు బకెట్టు బంకమట్టితో చెయ్యి బారుగా పైకి లేచింది. దాంతోపాటు ముసల్దాని ముందు చక్రాలూ లేచాయి. ఆయన స్టీరింగుని వాటేసుకున్నాడు. నీళ్ల పైపు ముక్క ఒకటి ఊడి ఎగిరింది, లింకు వంగింది, వెనక ఎక్కడో "టక్" మని వినబడింది. ముసల్ది వెనక్కి జారి, సగం గోతిలో కూలబడి, ముందు చక్రాలు ఆకాశంలో పెట్టి ఆగిపోయింది. ఆయన మెల్లిగా కిందికి జారి, గోతి గట్టున కూర్చుని తల పట్టుకున్నాడు.

అప్పుడు గేటు తోసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనక ఓ కానిస్టేబులు, ఆ వెనక హెడ్మిస్ట్రెస్ గారు, గేటవతల సగం వీధి.

నర్సరీ ఆయన తలెత్తి చూశాడు. ట్రాక్టరు కూలబడితే పోలీసులెందుకు? చట్రం లేకుండా తవ్వడం నేరమేమో! బావమరిది ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

"ఏం జరిగింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి.

"తప్పు నాదే సార్. ఇలా చేస్తే దాని నడుం విరుగుతుందని మా బావమరిది ముందే చెప్పాడు."

"చెప్పినా చేశారా?"

"వాడి మాట నమ్మలేదు సార్."

"ఎన్నేళ్లయింది?"

"ఇరవయ్యారేళ్లు." ఆయన ముక్కు చీదాడు. "ఎంత చాకిరీ చేసింది సార్! ఏ రోజూ మొరాయించలేదు. ముసల్దైపోయింది, తట్టుకోలేదని తెలిసి కూడా మొండికేశాను. టక్ మంది సార్. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది."

హెడ్మిస్ట్రెస్ గారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు గోతి వైపు చూశాడు. "ఇప్పుడెక్కడుంది?"

"ఎదురుగానే ఉందిగా సార్. సగం లోపల, సగం బయట."

ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు. "దిగు," అన్నాడు కానిస్టేబులుతో. కానిస్టేబులు గోతిలోకి దిగి, ముసల్దాని చక్రం పక్కన పారతో మట్టి తియ్యడం మొదలుపెట్టాడు. తన ట్రాక్టర్ని పైకి లాగడానికి పోలీసులు ఇంత శ్రద్ధ చూపించడం నర్సరీ ఆయనకి వింతగా తోచింది. "వీళ్లకిందులో ఏం లాభం?" అనుకున్నాడు.

అంతకుముందే హెడ్మిస్ట్రెస్ గారు పోలీసులతోపాటు బావమరిదికి కూడా ఫోను చేశారు. అతను అన్నం తింటూ ఆ కబురు విని, ఎదురుగా కూర్చుని పెరుగు కలుపుకుంటున్న మనిషి వంక ఓసారి చూసి, "అక్కా, నువ్వు పోయావట," అని ఫోను ఆవిడ చేతికిచ్చాడు.

స్కూటరు గేటు దగ్గర ఆగగానే జనం రెండుగా చీలిపోయారు. ఆవిడ సంచీ చంకన పెట్టుకుని లోపలికి నడిచింది. హెడ్మిస్ట్రెస్ గారు దగ్గరున్న మట్టి కుప్ప మీద కూలబడ్డారు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పోయినదాన్నండీ."

నర్సరీ ఆయన లేచి పదడుగులు ఎదురెళ్లాడు. కళ్లు ఒత్తుకున్నాడు. ఎందుకొచ్చావని మాత్రం అడగలేదు. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆయన కారణం అడగకుండా వదిలేసిన సందర్భం అదొక్కటే. ఆవిడ ఆ సంగతి గమనించింది. తిడదామని దారి పొడుగునా కూర్చుకున్న మాటలు సగం మింగేసింది.

"నే పోయానని చెప్పారా వీళ్లకి?"

"పోయావనే చెప్పాను. పోయావు కదా!"

ఇన్‌స్పెక్టరు పుస్తకంలో కాగితం చింపి జేబులో కుక్కుకున్నాడు. ఇకమీదట భార్య గురించి చెప్పేటప్పుడు "వెళ్లింది" అనమని, ట్రాక్టరు గురించి చెప్పేటప్పుడు ట్రాక్టరు అనమని గట్టిగా చెప్పి వెళ్లాడు. "ఇంత తేలిగ్గా వదిలేశాడేం?" అని నర్సరీ ఆయన చాలాసేపు గేటు వంకే చూస్తూ ఉండిపోయాడు.

బావమరిది గొలుసుతో ముసల్దాన్ని లాగి, కిందకి దూరి చూశాడు. నడుం విరగలేదు. లింకొకటే వంగింది. అది చెప్పడానికి నోరు తెరవబోతుంటే అక్క అతని చెయ్యి పట్టుకుని నారుమడుల వెనక్కి తీసుకెళ్లింది.

"ఒరేయ్, ఆయనతో కాపురం చేస్తున్నదాన్ని చెబుతున్నా, విను. ఏం చెయ్యాలో ఆయనకి చెప్పకు. ఏం చెయ్యకూడదో అది చెయ్యమని బతిమాలు."

మర్నాడు ఉదయం బావమరిది అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాడు. "బావా, ఆ పెద్దదే ఉంచుకో. చట్రం శుద్ధ దండగ. ముందు బరువులా, చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. శ్మశానం ఆయన కట్టే గుడ్డపీలికల్ని అస్సలు నమ్మకు. నన్ను మాత్రం బిగించమనకు, నాకు తీరిక లేదు."

నర్సరీ ఆయన కళ్లు చిన్నవి చేసి వింటున్నాడు. "అంత ఆత్రం దేనికిరా?" అన్నాడు. ఓ పావుగంట తరవాత శ్మశానంలో ఉన్నాడు. ముందే బావమరిది ఫోనులో అంతా చెప్పి ఉంచిన మేనేజరు, చిన్నది చట్రంతో ఇవ్వడం తనకి బొత్తిగా ఇష్టం లేదన్నాడు. ఆయన పట్టుబట్టి, పెద్దదిచ్చేసి చిన్నది తెచ్చుకున్నాడు. పీలికల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. బావమరిదిని కదలనివ్వకుండా నిలబెట్టి, తన కళ్లముందే బిగింపు చేయించాడు.

మధ్యాహ్నానికి ముసల్ది ముందు చక్రాలు నేల విడవకుండా తవ్వడం మొదలుపెట్టింది. రెండో రోజుకి కందకం కాలవలో కలిసింది. మూడో రోజు వాన కుండపోతగా కురిసింది. నీళ్లు బుద్ధిగా మడి దాటి వెళ్లిపోయాయి, ఒక్క అంటు కూడా వాలలేదు. ఆయన గొడుగు కింద నిలబడి ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కాలవ దాకా వెళ్లి చూసొచ్చాడు.

మొక్కలు కొనడానికి వచ్చినవాళ్లందరికీ ఆయన ఆ ఇనప చెయ్యి చూపించి, అన్నీ తనే స్వయంగా ఆలోచించి ఎంచుకున్నానని, బావమరిది మంచివాడే గాని ట్రాక్టర్ల గురించి వాడికేమీ తెలియదని ఇప్పటికీ చెబుతుంటాడు.