రమాబాయి విడుదల

"వీరనారి రమాబాయి విడుదల సందర్భంగా నేటి సాయంత్రం మొఘల్‌పురాలో ఘన సన్మానం! అధ్యక్షులు జైలు త్యాగి, కౌన్సిలర్ విఠల్‌రావు!" అంటూ టాంగాకు కట్టిన మైకు గల్లీ గల్లీకీ చాటింది.

ఈ మహత్కార్యానికి మూలం గోదా. పల్లె బడిలో చదివిన ఆ పిల్ల ఏ వాక్యాన్నయినా సగం దాకా చక్కగా చెప్పగలదు. మిగతా సగం గొంతు దాటదు.

మేనత్త రమాబాయికి గొంతు వాచింది. దవాఖానలో రేడియేషనుండే అణుమందు తాగించి, రెండు రోజులు వేరే గదిలో ఉంచి పంపించారు.

"మందంతా మూత్రంలనే దిగుతది. వారం దాకా మోరీల పోయొద్దు, కుండల పట్టుండ్రి," అన్నాడు డాక్టరు.

"కుండ నిండితే..." అని గోదా ఆగింది.

"గేటు దాటినంక మా బాధ్యత, మా జిమ్మేదారీ గాదమ్మా."

కుండ నిండింది. ఇంటి ముందు మోరీలోనేమో గల్లీ పిల్లలు కాగితప్పడవలు వదులుతున్నారు. గోదా కుండకు మూతకట్టి, చంకనెత్తుకుని మునిసిపల్ ఆఫీసుకు పోయింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు బాలనర్సింహ ఓపికగా చట్టం బోధించాడు.

"మోరీల పడితే మాది. పడకముందు మాది గాదు."

"పడొద్దనే గద సార్..."

"పడకపోతే ఇంక మాతోని ఏం పని?"

ఈ మాటలో తప్పెక్కడుందో తన మట్టిబుర్రకు తట్టక, గోదా ఆ కుండతోనే కౌన్సిలర్ ఇంటికి చేరింది.

"కాకా, మా అత్తను విడుదల చేసిన్రు..." అని యథాప్రకారం ఆగింది.

విఠల్‌రావు చటుక్కున లేచాడు. "ఎన్ని దినాలున్నది లోపల?"

"రెండు."

"మస్తు! నేను గూడ గంతే ఉన్న."

సభలో రమాబాయి గొంతువాపు చూసి, లాఠీదెబ్బ అనుకుని జనం కళ్లొత్తుకున్నారు. విఠల్‌రావు గర్జించాడు: "ఇయ్యాల్టి నుంచి ఈ తల్లి సమస్త జిమ్మేదారీ నాది!"

చప్పట్లు మోగాయి. గోదా బతుకులో మొదటిసారి వేదిక ఎక్కి, కుండ ఆయన చేతుల్లో పెట్టింది.

"గట్లయితే ఇది పట్టుండ్రి కాకా. అత్త మూత్రం. అండ్ల అణుమందు ఉన్నది. మోరీల పోయొద్దన్నరు."

వాక్యం చివరిదాకా వచ్చినందుకు తనకు తానే మురిసిపోయింది.

విఠల్‌రావు కుండను మెల్లగా ఆమె చేతుల్లోకే తోసి, మైకు మీద అరచెయ్యి కప్పాడు.

"జిమ్మేదారీ నాదన్న గని, కుండ నాదన్ననా బిడ్డా?"

చెయ్యి తీసి, జిమ్మేదారీ మీద ఇంకో అరగంట మాట్లాడాడు.

మరునాటికి కుండ ఇంట్లోనే ఉంది. రెండోది సగమైంది. పేపర్లో మాత్రం గోదా ఫొటో పడింది. దాని కింద: "పూర్ణకుంభంతో కౌన్సిలర్‌కు స్వాగతం పలుకుతున్న కుమారి గోదా."