టేపులో పడని పాట

ఆదివారం పొద్దున్న వరహాలబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికి ఇడ్లీలు, తొమ్మిదికి అత్త పాట, పదికి బజారుకెళ్లి చేపలు. మర్నాడు మేనత్త సీతారత్నాన్ని ఆస్పత్రిలో చేర్పించాలి. గొంతులో గడ్డ. తీసేస్తే ప్రాణానికి భయం లేదు గానీ, మాట మాత్రం ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. విజయనగరం వైపు వాళ్ల చుట్టాల్లో ముప్ఫై ఏళ్లుగా ఏ ఆడపిల్ల అప్పగింతలూ ఆవిడ పాట లేకుండా జరగలేదు. అందుకే గొంతు ఉండగానే ఆ పాటని క్యాసెట్టులోకి ఎక్కించాలని నేరేడ్‌మెట్‌లోని వరహాలబాబు అద్దె ఇంట్లో తీర్మానం జరిగింది.

సికింద్రాబాద్ రైల్వే ఆఫీసులో గుమస్తా అయిన వరహాలబాబుకి కొత్తగా సెల్‌ఫోను వచ్చింది. హైటెక్ సిటీ పుణ్యమా అని ఊళ్లో ప్రతి చొక్కా జేబులోనూ ఒకటి మొలుస్తున్న రోజులవి. వచ్చిన ఫోను ఎత్తినా ఛార్జీ పడే రోజులు కూడా అవే. కాబట్టి పదకొండు మంది చుట్టాలకి ముందురోజే ఎస్టీడీ బూత్ నుంచి చెప్పిపెట్టాడు.

"పాట రికార్డవగానే నేనే మిస్డ్ కాల్ ఇస్తాను. తొమ్మిదిన్నర దాకా రాలేదనుకోండి, మీరొకటి ఇవ్వండి. నేను ఎత్తను, కంగారు పడకండి."

ఇంత పకడ్బందీగా తను ఇంకే పనీ చెయ్యలేదని మురిసిపోయాడు కూడా.

అయితే సీతారత్నం రేడియో గాయని కాదు, కూర్చోమనగానే పాడెయ్యడానికి. అది శుభకార్యంలో పాట. తలంటు పోసుకోవాలి, పట్టుచీర కట్టాలి, ఎదురుగా పెళ్లికూతురుండాలి.

"పెళ్లికూతురు నేకుండా అప్పగింతలేట్రా? గోడకి అప్పగించీమంటావేటి?" అంది.

దాంతో ఎనిమిదో తరగతి చదువుతున్న వరహాలబాబు కూతురు లోవలక్ష్మికి ఓణీ చుట్టి పీట మీద కూర్చోబెట్టారు. పెళ్లికూతురుందంటే చెయ్యి పట్టుకుని అప్పగించే తండ్రి కూడా ఉండాలి కదా. వరహాలబాబు ఆ పక్కనే, టేప్‌రికార్డరుకి ఆనుకుని కూర్చున్నాడు. పాట మధ్యలో ఫోను మోగితే అపచారమని దాని నోరు నొక్కేసి మరీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇన్ని ముచ్చట్లూ తీరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

సీతారత్నం పాడింది. జబ్బు గొంతులోంచి అంత తియ్యని పాట ఎలా వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య గంగాదేవి కళ్లు తుడుచుకుంది. కూతురికింకా పద్నాలుగేళ్లు నిండలేదన్న సంగతి మరిచిపోయి వరహాలబాబు వెక్కి వెక్కి ఏడ్చాడు. తరవాత టేపు వెనక్కి తిప్పి వింటే, మొదటి చరణంలోనే "టిక టిక టిక, బుర్ర్ర్" అని ఎవరో పాట మీద రంపం పెట్టి కోసినట్టుంది.

"ఫ్రిజ్ అయ్యుంటుందండీ" అని గంగాదేవి దాన్ని ఆపేసింది. సీతారత్నం మళ్లీ పాడింది. మళ్లీ బుర్రు, ఈసారి మూడు చోట్ల.

మేడ మీద ఉండే ఇంటి యజమాని, బ్రహ్మచారి అనే ఆయనకి రాంగోపాల్‌పేట్‌లో రేడియోలు బాగుచేసే దుకాణముంది. పిలవగానే దిగి వచ్చాడు. టేపు విని పెదవి విరిచాడు.

"గిది మిషన్ తప్పే. హెడ్ ఖరాబైంది. నాది తెస్త ఆగుండ్రి. ఇరవై ఏండ్లైంది, ఒక్క దినం సుత గసుమంటి సప్పుడు చెయ్యలే."

ఆ పెద్ద మిషన్‌లో బుర్రు ఇంకా స్పష్టంగా, నిండుగా పడింది. బ్రహ్మచారి ముఖం మాడిపోయింది. తన మిషన్ పరువు పోవడం కంటే గల్లీ మొత్తం కరెంటులో దోషముండటమే నయమని తోచింది కాబోలు, బయటికెళ్లి ఇంటింటికీ చెప్పి మోటార్లు, గ్రైండర్లు, టీవీలు ఆపించాడు. సొంత భార్య శ్యామలమ్మ మిక్సీని కూడా వదల్లేదు.

"పచ్చడి సగంల ఆగింది. జెర జల్ది కానియ్యిండ్రి" అంటూ ఆమె కిందికొచ్చింది. వెనకే గల్లీ ఆడవాళ్లూ వచ్చారు. మే నెల ఎండలో ఫ్యాన్లు లేకుండా, విసనకర్రలు పట్టుకుని అందరూ అప్పగింతలకి కూర్చున్నారు.

అక్కడ విజయనగరంలో గాభరా మొదలైందని వీళ్లెవరికీ తెలియదు. వరహాలబాబు నుంచి మిస్డ్ కాల్ రాలేదు. పదకొండు మందీ తలా ఒకటి ఇచ్చారు. అయినా రాలేదు. ముసలామెకి ఏమైనా అయిందేమోనని బావమరిది కన్నబాబు వరసగా కొట్టడం మొదలుపెట్టాడు. ఇక్కడ పాట ఆలస్యమైన కొద్దీ అక్కడ కాల్సు పెరిగాయి. కాల్సు పెరిగిన కొద్దీ ఇక్కడ పాట చెడింది. నాలుగోసారి పాడేటప్పటికి సీతారత్నం గొంతు జీరపోయింది.

"గోడలల్ల వైరింగే మంచిగ లేదు. మెయిన్ ఫ్యూజే పీకుదాం" అన్నాడు బ్రహ్మచారి. మిషన్‌లో బ్యాటరీలు వేసి, పనిచేస్తున్నదో లేదో చూద్దామని రికార్డు మీట నొక్కి, అలాగే వదిలేసి వరహాలబాబుని వెంటబెట్టుకుని గేటు దగ్గరి మీటరు బోర్డుకి వెళ్లాడు. అయిదు నిమిషాల్లో ఇద్దరూ తిరిగొచ్చారు. వరహాలబాబు తండ్రి స్థానంలో సర్దుకుని కూర్చున్నాడు.

"అత్తా, ఇదొక్కసారే. ఇంక అడగను."

"నీ కోసం కాదురా, గుంట కోసం" అని లోవలక్ష్మిని చూపించి ఆవిడ అయిదోసారి ఎత్తుకుంది. రెండో చరణంలో గొంతు పూడుకుపోయింది. నోరు కదిలింది గానీ పాట రాలేదు. గంగాదేవి నీళ్లు పట్టించింది. మళ్లీ ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

వచ్చిన కాస్తయినా బాగుందేమో చూద్దామని బ్రహ్మచారి టేపు కొంచెం వెనక్కి తిప్పాడు. అందులోనూ బుర్రే. పాట కుదరలేదని ఊరివాళ్లకి చెప్పాలి కదా అని వరహాలబాబు ఫోను తీశాడు. ముప్ఫై నాలుగు మిస్డ్ కాల్స్. అదిరిపడి దాన్ని మిషన్ మీదే జారవిడిచాడు. మిషన్ వెంటనే "టిక టిక టిక, బుర్ర్ర్" అంది. ఒక్క క్షణం తరవాత ఫోను వెలిగింది. కన్నబాబు. కన్నబాబు పెట్టేశాడు, బుర్రు ఆగింది. కన్నబాబు మళ్లీ కొట్టాడు, బుర్రు మళ్లీ వచ్చింది.

బ్రహ్మచారి ఫోనుకేసి చూశాడు, తన మిషన్‌కేసి చూశాడు, తరవాత వరహాలబాబుకేసి చూశాడు.

"దీన్ని పొద్దుగాల్నుంచి జేబుల పెట్టుకునే కూసున్నవా, బాబూ?" అన్నాడు మెల్లగా. గట్టిగా తిట్టినా బాగుండేదని వరహాలబాబుకి అనిపించింది.

ఆ ఫోనుని పక్క గదిలో పెట్టి ఉంటే సరిపోయేది. అసలు చుట్టాలకి చెప్పకపోయి ఉన్నా సరిపోయేది. ఒక్కసారి, మొదటిసారి పాడినప్పుడు, పాట ఎంత బాగా వచ్చిందో తలుచుకుంటే అతనికి ఆ సాయంత్రం అన్నం దిగలేదు. అయిదుసార్లు పాడించి ఉన్న గొంతుని తనే అరగదీశాడు. సోమవారం ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే ఆవిడ అతని చెయ్యి నొక్కింది. అతనికి మాత్రం ముఖం చూపించడానికి ధైర్యం చాలక, మందుల చీటీ చదువుతున్నట్టు తల దించుకున్నాడు.

ప్రాణం దక్కింది. మాట పోయింది. నెలయ్యాక, పరీక్షల కోసం ఆవిడ ఇంకా నేరేడ్‌మెట్‌లోనే ఉండగా, పాటలో ఒక్క చరణమైనా దొరుకుతుందేమోనని లోవలక్ష్మి క్యాసెట్టు మొదటి నుంచి చివరి దాకా విన్నది. బుర్రు లేని చరణం ఒక్కటీ లేదు. కానీ నాలుగో పాటకీ అయిదో పాటకీ మధ్య, నాన్న గేటు దగ్గర ఫ్యూజు పీకుతున్న సమయంలో, సీతారత్నం గొంతు కడిగిన గాజుగ్లాసంత శుభ్రంగా పడి ఉంది.

"ఈడు సిన్నప్పట్నించీ ఇంతేనే గంగా. పదో తరగతి పరీచ్చకి హాలు టిక్కెట్టు ఇంట్లో వొగ్గీసి ఎల్లిపోతే, నాను పొలం గట్లంట పరిగెట్టుకెల్లి ఇచ్చినాను. ఒక్క పని తిన్నగా సేసిన పాపాన పోనేదు. దద్దమ్మ. ఈడిది బుర్రా, బూడిద గుమ్మడికాయా..."

అలా నాలుగు నిమిషాలు. చివర్లో చిన్న నిట్టూర్పు. "నాకోసరం ఈధి ఈధంతా కరెంటు ఆపించీసినాడు, ఎర్రి నాయన."

టేపు వింటూ సీతారత్నం చప్పుడు లేకుండా, భుజాలు అదిరేలా నవ్వింది. వేలితో మళ్లీ పెట్టమని సైగ చేసింది. మర్నాడు వరహాలబాబు మాత్రలు తేవడం మరిచిపోయి ఆఫీసు నుంచి ఉత్త చేతులతో వచ్చాడు. ఆవిడ మాట పోయాక వాడుతున్న పలక మీద ఏమీ రాయలేదు. లేచి వెళ్లి టేప్‌రికార్డరు మీట నొక్కింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో తిట్లకి లోటు లేదు. హాలు టిక్కెట్టు దగ్గర మొదలై గుమ్మడికాయ మీదుగా నిట్టూర్పు దాకా అతను చేతులు కట్టుకుని నిలబడి వింటాడు. అయిపోగానే టేపుని మళ్లీ తిట్ల మొదటికి తిప్పి పెట్టేది కూడా వరహాలబాబే.