పది నిమిషాల ప్రయోజనం

ఆర్థికశాస్త్రం మనుషులకు పనికొస్తుందన్న సంగతిని ఆ శాస్త్రజ్ఞుల చేతే మూడు ప్రతుల్లో రాయించి, సంతకం పెట్టించుకోవడం నాగరికత సాధించిన ఘనవిజయాల్లో ఒకటి. ఆ విజయం కోసమే విశ్వవిద్యాలయంలో ప్రయోజన నిర్ధారణ విభాగం వెలిసింది. ఏ పరిశోధన ప్రభుత్వ విధానాన్ని మార్చిందో, ఏది మార్చలేదో ఆ విభాగమే తేలుస్తుంది. (ఆ విభాగం వల్ల ప్రయోజనం ఏమిటో తేల్చడానికి ఒక ఉపసంఘం ఉంది. దాని మొదటి సమావేశం సభ్యులు చాలక వాయిదా పడింది.)

నిబంధనలు సులువుగానే ఉండేవి. పదిహేనో నిబంధన ప్రకారం, ప్రయోజనం అనేది కనీసం ఉపకార్యదర్శి హోదా ఉన్న అధికారి మనసులో మొదలవ్వాలి. ‘నా అభిప్రాయం మారింది’ అని ఆయన మనోపరివర్తన పత్రం మీద సంతకం పెట్టాలి. ఒక అధికారి ఏడాదికి నాలుగుసార్లకు మించి అభిప్రాయం మార్చుకోరాదు. దాంతో ఉపకార్యదర్శుల మనసులన్నీ రాబోయే రెండేళ్లకు ముందే బుక్కయిపోయాయి. ఆర్థికశాస్త్ర శాఖలో అందరూ ద్రవ్యోల్బణం మాస్టారని పిలిచే ఒకాయన ఒక అధికారి గది బయట బెంచీ మీద పదకొండు రోజులు కూర్చున్నారు. పన్నెండో రోజు ఆ అధికారికి బదిలీ అయింది. (మనసు మారకపోయినా మనిషి మారాడు కాబట్టి మాస్టారికి అర మార్కు ఇచ్చారు.)

ఆ ఆర్థికశాస్త్ర శాఖలోనే తాత్కాలికం మేడమ్ అని ఒకావిడ ఉండేది. తొమ్మిదేళ్లుగా తాత్కాలిక లెక్చరరు. అసలు పేరుతో పిలిస్తే పలకడం ఆవిడే మానేసింది. పర్మనెంటు కావాలంటే ఒక్కటంటే ఒక్క ప్రయోజన ధ్రువపత్రం కావాలి. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా అది రాకపోతే సర్వీసు మళ్లీ మొదటి ఏడాది నుంచి లెక్కేస్తారు.

ఇంట్లో అత్తగారికి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కేది కాదు.

“ఏమే, మనింటికి తాత్కాలికంగా వచ్చిన పిల్లి కూడా పర్మనెంటైపోయింది. నీకేమొచ్చిందే?”

“దానికి ధ్రువపత్రం అక్కర్లేదత్తయ్యా.”

“ఎందుకూ? ఎలకల్ని పడుతోంది, కళ్లకు కనిపిస్తోంది!”

మేడమ్ పరిశోధన కూడా కళ్లకు కనిపించేదే. నాలుగేళ్లపాటు ఒక బస్టాపులో నోట్‌బుక్కు పట్టుకుని నిలబడి చేసింది. కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ గేటు సరిగ్గా ఎనిమిదింటికి మూసేస్తారు. బస్సేమో ఎనిమిదీ నాలుగుకు చేరుతుంది. దిగిన ఎనభై మంది ఆడవాళ్లూ పరుగున వెళ్లి, మూసిన గేటు చూసి, సగం పూట జీతం పోగొట్టుకుంటారు. ఈ నిజం తేల్చడానికి మేడమ్ పదిహేడు సమీకరణాలు వాడింది. (కండక్టరు ఒక్క ముక్కలో చెప్పేవాడే గానీ, పరిశోధన పత్రంలో కండక్టర్ని ఉదహరించే ఆనవాయితీ లేదు.)

ఒక మంగళవారం పొద్దున క్లాసులో ఇదంతా బోర్డు మీద గీసి చెప్పింది. వెనక బెంచీలోంచి డిపో అక్క చేయెత్తింది. ఆవిడ బస్సు డిపోలో టైమ్‌కీపరు. నలభై దాటాక సరదాపడి ఎమ్మే చదువుతోంది.

“మేడమ్, ఈ బస్సు మా డిపోదే. పది నిమిషాలు ముందు వదిలితే సరిపోద్దా?”

“సరిపోతుంది. కానీ అంతకుముందు ప్రత్యామ్నాయాల విశ్లేషణ…”

“డ్రైవరు టీ ముందు తాగుతున్నాడు, తర్వాత తాగుతాడు, అంతేగా! రేపట్నుంచి వదిలేస్తాలెండి.”

మర్నాడు బస్సు ఏడూ యాభై నాలుగుకే చేరింది. ఎనభై మందీ పరుగు పెట్టకుండా, కబుర్లు చెప్పుకుంటూ గేటు లోపలికి నడిచారు. మేడమ్ అక్కడే నిలబడి చూసింది. ఒకావిడ వెనక్కి తిరిగి, “చూశారా లెక్కలావిడా, బస్సుకి బుద్ధొచ్చింది!” అని కేకేసింది. ఆ మాటకు మేడమ్ ఆ రోజంతా నేల మీద నడవలేదు.

సంగతి విని హెడ్‌గారు ముక్కున వేలేసుకున్నారు.

“సంప్రదింపులు లేవు, నివేదిక లేదు, సిఫారసు లేదు. ఏకంగా జరిగిపోయిందా?”

“జరిగిపోయింది సార్.”

“ఎవరితోనూ అనకు. ఇదే అలవాటైతే మనమంతా ఏమవ్వాలి?”

అయినా మేడమ్ దరఖాస్తు పెట్టింది. ఉప ప్రయోజనాధికారి ఫైలు శ్రద్ధగా చదివారు. టైమ్‌కీపరు ఉపకార్యదర్శి కాదు గనుక ఆమె మనసు లెక్కలోకి రాదన్నారు. పైగా మార్పు పాఠం వల్ల వచ్చింది గనుక బోధన రిజిస్టరులోకి పోవాలన్నారు. ఆ రిజిస్టరులో హాజరుకూ సుద్దముక్కలకూ తప్ప గడుల్లేవు. అన్నిటికీ మించి, బస్సు తనంతట తాను ముందు రాలేదని నమ్మకమేమిటని అడిగారు.

“మార్గం లేకపోలేదమ్మా,” అన్నారు చివరికి, దయగా. “బస్సును ఆర్నెల్లపాటు పాత టైముకే నడిపించండి. ఆ నష్టం మళ్లీ వచ్చిందనుకోండి, ప్రయోజనం మీదేనని శాస్త్రీయంగా రుజువైనట్టే. మిగతా నిబంధనలు నేను సడలిస్తాను.”

శాఖంతా ఎగిరి గంతేసింది. ఇంత శుభ్రమైన పోలిక తన సర్వీసులో చూడలేదని హెడ్‌గారి కళ్లు చెమర్చాయి. ద్రవ్యోల్బణం మాస్టారైతే చీటీలు తీసి నలభై మందిని మాత్రమే ఆలస్యం చేస్తే ఫలితం ఇంకా నిక్కచ్చిగా వస్తుందన్నారు. (వాళ్లను నడిచే బస్సులోంచి ఎలా దింపాలన్నది అమలు సమస్య గనుక ఆర్థికశాస్త్రం పరిధిలోకి రాదట.) డిపోకు రాయాల్సిన ఉత్తరం గంటలో టైపయింది. మేడమ్ సంతకం ఒక్కటే తరువాయి.

మేడమ్ పెన్ను మూత తీసింది. దాచడమెందుకు, మనసు అటే లాగింది. తొమ్మిదేళ్లు ఎదురుచూసింది, ఆర్నెల్లు ఎంత? అయితే ఎనభై మంది, నూట యాభై పనిదినాలు అని లెక్క వద్దన్నా తలలో తయారైపోయింది. పన్నెండు వేల సగం పూటలు. పెన్ను మూత పెట్టేసింది.

“నేను పెట్టను సార్.”

“పెడితే పర్మనెంటవుతావు కదమ్మా!”

“తెలుసండి.”

“తెలిసి కూడానా?” హెడ్‌గారి గొంతులో కోపం లేదు. కొత్త జంతువును చూసిన ఆశ్చర్యం ఉంది.

అత్తగారు అంతా విని పిల్లికి పాలు పోసింది. “మంచి పనే చేశావు,” అంది తర్వాత. “ఎవరైనా అడిగితే మాత్రం మా కోడలికి కాస్త తిక్క అని చెప్తాను. ఏమనుకోకు.”

ఫైల్లో ‘పరిశోధకురాలు సహకరించలేదు, ప్రయోజనం శూన్యం’ అని రాసి మూసేశారు. సర్వీసు మొదటి ఏడాదికి వచ్చింది. బస్సు మాత్రం ఏడూ యాభై నాలుగుకే వస్తోంది, అధికారికంగా ఏ కారణమూ లేకుండా.

ఆ నెలలోనే హెడ్‌గారు ఒక పత్రం రాశారు. పర్మనెంటు ఆశ చూపినా తాత్కాలిక లెక్చరర్లు ఆశపడరని, ఒకే ఒక ఉదాహరణతో అందులో నిరూపించారు. ముగ్గురు ఉపకార్యదర్శులు చదివి ఒకే రోజు మనసులు మార్చుకున్నారు. ఆశ పనిచేయనప్పుడు పర్మనెంటు పోస్టులు దేనికని అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ వాటిని ఎత్తేశారు. రికార్డుల ప్రకారం, ఆ శాఖ పరిశోధన వల్ల మనుషుల బతుకుల్లో వచ్చిన మార్పు ఇప్పటికి అదొక్కటే.