ముక్కుతో తిప్పిన పేజీలు

ల్యాప్‌టాప్, ఫోను ఉన్నవాడికి ట్యాబ్ కూడా అవసరమా అని మీరు అడుగుతున్నారు. సూటిగా చెప్పలేను. జరిగింది చెబుతాను, మీరే తేల్చుకోండి.

నా మరదలు యిల్వా ట్యాబ్ కొనమని నా ప్రాణం తోడేస్తున్న రోజులవి. ఒళ్ళో పెట్టుకునేది ఉంది, జేబులో పెట్టుకునేది ఉంది, మధ్యసైజుది దేనికో నాకు అర్థం కాలేదు. మధ్యసైజువి నాకెప్పుడూ అచ్చిరాలేదు, చొక్కాలతో సహా.

"పాటలకి బావా," అంది.

యిల్వా మా ఊరి చర్చి గాయక బృందాన్ని నడుపుతుంది. ఆకులు రాలే కాలంలో ఒక తీర్మానం పెట్టింది. ఇకమీదట కాగితాలుండవు, స్వరాలు తెరమీదే చూసి పాడాలి. మా స్వీడన్‌లో తీర్మానానికి ఎవరూ ఎదురు చెప్పరు. కాఫీ తాగుతారు. కిటికీలోంచి బయటికి చూస్తారు. ఇంకో కాఫీ తాగుతారు. దాన్నే ఏకగ్రీవం అంటారు.

నా చిక్కు వేరు. కాగితం మీది స్వరాలు నాకు కనబడడం మానేసి రెండేళ్ళయింది. "ఇక బాగుపడదు, ఇంకా పాడవకుండా చూద్దాం," అన్నాడు కంటి డాక్టరు. అతన్ని నేను క్షమించలేదు. పాత పాటలన్నీ కంఠతా వచ్చు కనుక కాగితం ముందు పెట్టుకుని పాడేవాణ్ణి. కొత్త పాటలకు చేపలాగా నోరు తెరిచి మూసేవాణ్ణి. ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు. మా ఊరి జాలి నాకు తెలుసు. నా భార్య సిగ్‌బ్రిట్ పోయినప్పుడు ఊరంతా కూరలు తెచ్చి పెట్టింది, వారం తిరక్కుండా గిన్నెల కోసం వచ్చింది.

బృందాన్ని మాత్రం వదులుకోలేను. గురువారం సాయంత్రం ఒక్కటే నా గొంతు ఈ ఇంటి గోడలకు కాక మనుషులకు వినబడే పూట. అది పోతే నాకు వారంలో రోజులుండవు, వారాలే ఉంటాయి.

అందుకని ఎత్తు వేశాను. తెరలు పనికిరావని నలుగురిలో రుజువు చేయాలి. కాగితాలు వెనక్కి రావాలి. నేను మళ్ళీ వాటి వెనక దాక్కోవాలి.

"ట్యాబ్ కొనను. ఉన్నవాటితోనే సర్దుకుంటా," అన్నాను.

"పీనాసి."

"మీ అక్క ఉంటే ఈ దుబారాకి ఒప్పుకునేదా?"

"మా అక్క నిన్నే ఒప్పుకుంది బావా. ఇంక దేనికి ఒప్పుకోదు?"

మొదటి గురువారం ఫోను తీసుకెళ్ళాను. స్వరాన్ని కనబడేంత పెద్దది చేస్తే తెరలో ఒక్కటే పట్టింది. ఒకటి పాడి, వేలితో జరిపి, రెండోది వెతికి పాడేసరికి ఆడవాళ్ళు పాట ముగించి కోట్లు వేసుకుంటున్నారు.

తర్వాతి వారం ల్యాప్‌టాప్. నా పక్కన పాడేవాడు ఫాల్కె. విరామం దొరికిన ప్రతిచోటా దగ్గుతాడు కనుక దగ్గు ఫాల్కె అంటాం. "ఎవర్ట్, ఆ స్టాండు దీన్ని మోయదురా," అన్నాడు. కాగితాలు మోయడానికి పుట్టిన స్టాండు అది. మొదటి చరణంలో మోకాళ్ళు వంచింది. రెండో చరణంలో నడుం వంచింది. పల్లవికి సాష్టాంగపడింది. పోతూ పోతూ ముందు వరసలో ఇద్దరి స్టాండ్లను కూడా తీసుకుపోయింది.

"చూశావా, తెరలు పనికిరావు!" అన్నాను యిల్వాతో.

"తెరలు కాదు బావా, నువ్వు," అని తన పాత ట్యాబ్ నా చేతిలో పెట్టింది. "కొనకు. వాడు. నచ్చకపోతే తిరిగి నా మొహాన కొట్టు."

దాన్ని సంచీలోంచి బయటికి తీయలేదు. నా దగ్గర ఇంకా పెద్ద ఎత్తు ఉంది.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల్లో మొదటి ఆదివారం మా ఊళ్ళో దీపాలు వెలిగిస్తారు, మా బృందం పాడుతుంది. కొన్నేళ్ళుగా చలికి భయపడి చర్చి హాల్లోనే కానిచ్చేస్తున్నాం. నేను లేచి నిలబడి, "మన పెద్దవాళ్ళు మంచులో, దుకాణం ముందు చెట్టుకింద నిలబడి పాడారు. మనకేం రోగం?" అన్నాను. ఆచారం మాట ఎత్తితే మావాళ్ళకు నోరు రాదు. కాఫీ తాగారు. కిటికీ చూశారు. ఏకగ్రీవం.

"ఊరి ఆచారం మీద నీకింత ప్రేముందని ఇప్పుడే తెలిసింది బావా," అంది యిల్వా. అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికే చీకటి పడింది. చలి సున్నాకి చాలా కింద. ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని నిలబడింది. బృందం చేతుల్లో ట్యాబ్‌లు, చేతులకు ఉన్ని తొడుగులు. మొదటి పేజీ హాయిగా సాగింది. రెండో పేజీకి తిప్పాలి. ఉన్ని తొడుగు వేలిని తెర లెక్కచేయదు. ఫాల్కె తొడుగు తీశాడు, వేలు కొయ్యబారింది, మళ్ళీ తొడుక్కున్నాడు. ఇంతలో ముందు వరసలో ఒకావిడ వంగి ముక్కుతో తెరను తాకింది. పేజీ తిరిగింది.

ఇంకేముంది, బృందం మొత్తం ముక్కుల మీద పడింది. ప్రతి చరణానికీ అందరూ ఒక్కసారిగా తల వంచడం, ముక్కు ఆనించడం, లేవడం. ఇదేదో కొత్త భక్తి అనుకుని జనంలో ఒక ముసలావిడ తనూ తల వంచింది. పొడుగు ముక్కువాళ్ళకు రెండు పేజీలు తిరిగాయి. సగంమంది మూడో చరణంలో, సగంమంది నాలుగులో ఉన్నారు. జలుబున్న ఫాల్కె తెర ఏ చరణంలో ఉందో చెప్పలేను.

అప్పుడు చలికి బ్యాటరీలు చావడం మొదలైంది. ఒక కొసనుంచి ఒక్కొక్క తెరే ఆరిపోయింది. చివరిదీ ఆరింది. పాట ఆగింది.

నేను గెలిచాను. గెలుపును అనుభవిద్దామని నిలబడ్డాను. ఊరు కొవ్వొత్తులు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. అంత చలిలో అంతమంది నా మూలంగా ఊరికే నిలబడి ఉన్నారు. ఆ గెలుపు నాకేమీ రుచించలేదు.

యిల్వా నావైపు తిరిగింది. "ఎత్తుకో బావా."

ఎత్తుకున్నాను. నాది బృందంలో అన్నిటికన్నా కింద పలికే అడుగు గొంతు. దాన్ని ఒంటరిగా వింటే పాటలా ఉండదు, కొట్టంలో ఆవు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టుంటుంది. అయినా ఆపలేదు. ఒక్కొక్క గొంతే వచ్చి దానిమీద నిలబడింది. చివరి చరణం దాకా పాడాం. జనం చప్పట్లు కొట్టారు. ఉన్ని తొడుగులకు చప్పుడు రాలేదు గాని కొట్టడం చూశాను.

తర్వాత హాల్లో కాఫీ, కుంకుమపువ్వు బన్నులు. అవకాశం వదలకుండా, "ఇప్పుడైనా ఒప్పుకోండి. కాగితాలు తెచ్చుకుందాం," అన్నాను.

"ఆ చీకట్లో కాగితం మాత్రం కనబడేదా?" అన్నాడు ఫాల్కె. "అయినా నీకెలా కనబడిందిరా?"

"కంఠతా వచ్చు."

"అన్నీనా? మరి ఈస్టర్ కోసం నేర్చుకుంటున్న కొత్తదో?"

నేను బన్ను కొరికాను. చాలాసేపు నమిలాను.

"బావా, కప్పులు కడగాలి, రా," అంది యిల్వా.

వంటగదిలో ఆమె కడిగింది, నేను తుడిచాను.

"రెండేళ్ళుగా నువ్వు పేజీ తిప్పడంలేదు. పోయిన వేసవిలో కాగితం తలకిందులుగా పెట్టుకుని పాట మొత్తం పాడావు."

తుడిచిన కప్పే మళ్ళీ తుడిచాను.

"ఒక్క నీకే ట్యాబ్ ఇచ్చి, పెద్దవి చేసుకుని చూసుకో అంటే ఊరుకుంటావా? పాడడమే మానేస్తావు. అందుకే అందరి మెడకూ కట్టాను."

"వాళ్ళకి తెలుసా?"

"నేను చెప్పలేదు. కానీ వాళ్ళకీ చెవులున్నాయి బావా. తీర్మానానికి ఒక్కరూ అడ్డుపడలేదెందుకనుకున్నావు?"

"మనవాళ్ళు దేనికీ అడ్డుపడరుగా."

"కాఫీ పొడి మార్చినప్పుడు గంటసేపు పోట్లాడారు."

"మరి చెట్టుకింద పాడదామంటే ఎందుకు ఒప్పుకున్నావు? నా ఎత్తు తెలిసే ఉంటుందిగా."

"తెలుసు. ఊరు నీ గొంతు విని చాలాకాలమైంది. వింటుందిలే అనుకున్నాను." కప్పు నా చేతిలో పెట్టింది. "ఇది సరిగా తుడువు. మరక అలాగే ఉంది."

మరక నాకు కనబడలేదు. ఆ మాటే అన్నాను. బయటికి అనడం అదే మొదటిసారి. ఆమె జాలిపడలేదు. కప్పు లాక్కుని తనే తుడిచింది.

తర్వాతి గురువారం ట్యాబ్‌ను స్టాండు మీద పెట్టాను. స్టాండు నిలబడింది. స్వరాలను పెద్దవి చేశాను. ఒక్కొక్కటి కోడిగుడ్డంత ఉన్నా వరస వరసంతా తెరలో పట్టింది. ఈస్టర్ పాట మొదలైంది. నాకు ఒక్క ముక్క రాని పాట. చూసి పాడాను.

పాటలో మూడో వరస దగ్గర యిల్వా చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"బావా! అక్కడ కిందికి దిగాలి. నువ్వు మేడెక్కావు. తప్పు!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఫాల్కె సంతోషం పట్టలేక దగ్గాడు. నా చెవులు ఎర్రబడ్డాయి. రెండేళ్ళలో నన్నెవరూ తప్పు పట్టింది లేదు. నోరు మూసి తెరిచేవాడు తప్పెలా పాడతాడు?

"ఏ స్వరం దగ్గర?" అని అడిగాను.

"మూడో గుడ్డు దగ్గర," అన్నాడు ఫాల్కె, నా తెరలోకి తొంగిచూసి.

"మళ్ళీ," అంది యిల్వా.

మళ్ళీ పాడాను. ఈసారి దిగాను.